నిమిషాల వాటా: చట్టసభల గడియారం, దళితుల మాట

చట్టసభల్లో మనకు ఎన్ని సీట్లున్నాయో 1932 పూనా ఒప్పందం నాటి నుంచి లెక్క పెట్టుకుంటూనే ఉన్నాం. ఉద్యోగాల్లో ఎంత, మెడికల్ కాలేజీల్లో ఎంత, పంచిన బంజరులో మాలమాదిగలకు దక్కింది ఎంత అని అడుగుతూనే ఉన్నాం. అడగాల్సిన లెక్కలే ఇవి. కాని గెలిచినోడు సభలోకి పోయినంక ఎన్ని నిమిషాలు మాట్లాడగలిగాడు? ఆ నిమిషాలు పంచింది ఎవరు? ఏ కొలతతో పంచారు? ఈ ప్రశ్నను దళిత ఉద్యమం గట్టిగా వేసిన సందర్భాలు తక్కువ. సీటు దొరికితే నోరు దొరికినట్టేనని అనుకున్నాం. సీటు వేరు, నోరు వేరని చట్టసభల చరిత్రే చెబుతోంది.

ఊళ్ళో రచ్చబండ కాడ పంచాయతీ నడిచినప్పుడు మనవాళ్ళు దూరంగా నిలబడేవారు. పెద్దోళ్ళు అడిగితేనే నోరు విప్పాలి, అడగకుండా మాట్లాడితే అదే ఒక తప్పు కింద లెక్క. చట్టసభలో అట్లా కాదు, అక్కడ రూల్సు ఉంటాయి, అధ్యక్షుడు ఉంటాడు, అందరికీ ఒకటే గంట అని రాజనీతి శాస్త్రం పుస్తకాలు చెబుతాయి. నిజమే, రూల్సు ఉన్నాయి. ఆ రూల్సు ఎట్లా పుట్టాయో, ఎవరి మీద ఎట్లా పని చేశాయో చూడటమే ఈ వ్యాసం పని.

రాజ్యాంగ పరిషత్తుతో మొదలు పెట్టాలి. 1946 డిసెంబర్ 9న పరిషత్తు సమావేశమైంది. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల నుంచి ఎన్నిక కావాల్సిన సభ్యులు 296 మంది. అందులో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున గెలిచింది ఒక్కరే, అంబేద్కర్. అదీ సొంత బొంబాయి నుంచి కాదు. జోగేంద్రనాథ్ మండల్ వంటి వాళ్ళు నిలబడి గెలిపిస్తే బెంగాల్ నుంచి వచ్చాడు. డిసెంబర్ 13న నెహ్రూ లక్ష్యాల తీర్మానం పెట్టాడు. ముస్లిం లీగు సభకు రాలేదు గనుక, సంస్థానాల ప్రతినిధులు ఇంకా చేరలేదు గనుక, తీర్మానాన్ని వాయిదా వేద్దామని ఎం.ఆర్. జయకర్ సవరణ పెట్టాడు. కాంగ్రెస్ సభ్యులు ఆయన మీద విరుచుకుపడ్డారు. ఆ వాతావరణంలో 17వ తేదీన అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్ ఉన్నట్టుండి అంబేద్కర్‌ను పిలిచాడు.

అంబేద్కర్ ఆ రోజు మొదట మాట్లాడింది తీర్మానం గురించి కాదు, టైము గురించి. తన పేరుకు ముందు ఇరవై ఇరవై రెండు పేర్లు ఉన్నాయని, తన వంతు వస్తే గిస్తే రేపు వస్తుందనుకున్నానని, తయారై రాలేదని చెప్పాడు. పైగా పది నిమిషాల గడువు పెట్టారని గుర్తు చేశాడు. ఆ తర్వాతే విషయంలోకి దిగాడు. లీగును బయట పెట్టి తొందరపడితే దేశం ఏమవుతుందో ఆలోచించమన్నాడు. తీర్మానం చేయగల అధికారం సభకు ఉండటం వేరు, దాన్ని చేయటం వివేకం అవునా కాదా అన్నది వేరు అని వాదించాడు. సభ మౌనంగా విన్నది. తీర్మానం ఆ విడతలో ఓటుకు రాలేదు, 1947 జనవరి 22న ఆమోదం పొందింది. వాయిదాకు ఆయన ఒక్కడే కారణమని నేను అనను. కాని ఒక్క సభ్యుడున్న పార్టీ మాట సభను ఆలోచనలో పడేసిందన్నది కాదనలేం.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక రోజు చర్చ అయిదు గంటలు, అంటే 300 నిమిషాలు అనుకుందాం. 296 మందికి సమానంగా పంచితే అంబేద్కర్‌కు వచ్చేది ఒక నిమిషం. పార్టీ బలాన్ని బట్టి పంచినా అదే ఒక నిమిషం, ఎందుకంటే ఆయన పార్టీయే ఆయన. అచ్చయిన ఆ ప్రసంగాన్ని నింపాదిగా చదివి చూడండి, పది నిమిషాల్లో కూడా అయ్యేది కాదు. అంటే ఆ రోజు దామాషా నడవలేదు. అధ్యక్షుడి విచక్షణ నడిచింది. కాంగ్రెస్ అవసరమో, రాజేంద్రప్రసాద్ పెద్దరికమో, వరస తప్పించి పిలిచారు, ఎక్కువసేపు మాట్లాడనిచ్చారు. మంచి జరిగింది. అయితే ఆ మంచి ఒక మనిషి చేతిలో ఉంది, రూలులో లేదు. ఈ తేడా చిన్నది కాదు.

దీనికి రెండో ముఖం 1948 నవంబర్ 29న కనిపించింది. అస్పృశ్యత నిషేధం నిబంధన మీద చర్చ. ముసాయిదాలో అది 11వ అధికరణం, ఇప్పుడు 17వది. పరిషత్తులో ఉన్న ఒకే ఒక దళిత మహిళ, కొచ్చిన్ నుంచి వచ్చిన దాక్షాయణీ వేలాయుధన్ మాట్లాడుతుండగా, కుర్చీలో ఉన్న ఉపాధ్యక్షుడు హెచ్.సి. ముఖర్జీ టైము దాటిందని అడ్డుపడ్డాడు. స్త్రీ గనుక కొనసాగనిస్తున్నానన్న అర్థంలో ఒక మాట అన్నాడు. ముఖర్జీ చెడ్డవాడు కాదు, మైనారిటీల ఉపసంఘానికి ఆయనే అధ్యక్షుడు. కాని అంటరానితనం మీద జరిగే చర్చలో అంటరాని కులంలో పుట్టిన సభ్యురాలి మాట ఎందుకు ముఖ్యమో ఆ కుర్చీకి తోచలేదు. తోచింది ఆడమనిషి అన్న దయ మాత్రమే. పులయ స్త్రీగా ఆమెకు ఆ విషయం మీద ఉన్న హక్కు ఏ పద్దులోనూ ఎక్కలేదు.

పరిషత్తు సంఘాల్లో, అంటే కమిటీల్లో, సంగతి ఇంకో రకంగా నడిచింది. పటేల్ అధ్యక్షతన ఉన్న సలహా సంఘం, దాని కింద ప్రాథమిక హక్కుల ఉపసంఘం, మైనారిటీల ఉపసంఘం. అంబేద్కర్ ఈ ఉపసంఘాల్లో ఉన్నాడు. కమిటీ గదిలో ఎవరికెన్ని నిమిషాలు అన్న పట్టిక లేదు. కాని ఓట్ల లెక్క ఉంది, అక్కడ ఆయన ఒంటరి. అందుకే ఆయన ఫెడరేషన్ తరఫున ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’ అనే పత్రాన్ని రాసి ఇచ్చాడు, 1947లో అచ్చు వేయించాడు. భూమి జాతీయం చేయాలన్న డిమాండు, ప్రత్యేక నియోజకవర్గాల డిమాండు అందులోనే ఉన్నాయి. నోటిమాటకు గంట కొట్టే చోట రాతతో వాదించటం ఆయన పద్ధతి. రాసిచ్చిన కాగితానికి టైము అయిపోయిందని ఎవరూ చెప్పలేరు కదా.

మన తెలుగువాళ్ళ కథ ఒకటి ఇక్కడే ఉంది, ఎవరూ పెద్దగా చెప్పరు. మద్రాసు నుంచి ఎన్నికైన ఎస్. నాగప్ప, కర్నూలు ప్రాంతం వాడు, కాంగ్రెస్ సభ్యుడు. సలహా సంఘం నివేదికను 1947 ఆగస్టు 28న సభ చర్చించినప్పుడు ఆయన ఒక సవరణ పెట్టాడు. రిజర్వుడు స్థానంలో నిలబడే అభ్యర్థి గెలిచాడని ప్రకటించాలంటే, షెడ్యూల్డ్ కులాల వాళ్ళు వేసిన ఓట్లలో కనీసం 35 శాతం తెచ్చుకోవాలి అన్నది దాని సారం. చాలా లోతైన సవరణ ఇది. ఉమ్మడి నియోజకవర్గంలో అగ్రకులాల ఓట్లతో గెలిచినోడు మనవాడు ఎట్లా అవుతాడు అన్న పూనా నాటి ప్రశ్ననే ఆయన సాత్విక రూపంలో అడిగాడు. పటేల్ దాన్ని ఒప్పుకోలేదు, కటువుగా తోసిపుచ్చాడు. నాగప్ప సవరణను వెనక్కి తీసుకున్నాడు.

నాగప్పను తక్కువ చేయటానికి ఇది రాయటం లేదు. ఆయనకు మాట్లాడే టైము దొరికింది, మాట్లాడాడు కూడా. కాని ఆ టైము ఎవరి ఖాతాలోది? కాంగ్రెస్ ఖాతాలోది. పార్టీ వాటాలోంచి వచ్చిన నిమిషాలతో పార్టీకి ఎదురు తిరిగి చివరిదాకా నిలబడటం కష్టం. అంబేద్కర్‌కు సొంత పార్టీ ఉంది, నిమిషం లేదు. నాగప్పకు నిమిషాలు ఉన్నాయి, సొంత పార్టీ లేదు. ఆ తర్వాత చట్టసభల్లో దళితుల మాట చాలావరకు ఈ రెండు స్థితుల మధ్యనే కొట్టుకులాడింది.

ఇక 1952కు వద్దాం. మొదటి లోక్‌సభ స్పీకర్ జి.వి. మవలంకర్ ఆ ఏడాది జులైలో సభా వ్యవహారాల సలహా సంఘాన్ని ఏర్పాటు చేశాడు. పత్రికలు బి.ఏ.సి. అని రాసేది దీన్నే. స్పీకర్‌తో కలిపి 15 మంది. ఏ బిల్లుకు ఎన్ని గంటలు, ఏ చర్చ ఎప్పుడు అన్నది ఈ కమిటీ తేలుస్తుంది. నిర్ణయాలు ఓటు పెట్టకుండా, అందరూ ఒప్పుకునేట్టు చేయాలన్నది సంప్రదాయం. కమిటీ గంటలు తేల్చినంక ఆ గంటలను పార్టీల మధ్య వాటి బలాన్ని బట్టి పంచుతారు. పార్టీ లోపల ఎవరు మాట్లాడాలన్నది విప్ రాసిచ్చే చీటీ. గుర్తింపుకు కూడా మవలంకర్ కాలం నుంచే కొలతలు ఉన్నాయి. సభలో పదో వంతు ఉంటే పార్టీ, 30 మంది ఉంటే గ్రూపు. అంతకు తక్కువైతే ‘ఇతరులు’. రాష్ట్రాల శాసనసభలు కూడా కొద్ది తేడాలతో ఇదే దారి పట్టాయి.

వినటానికి ఇందులో అన్యాయం ఏమీ లేదు. ఎక్కువ మంది ఉన్నోళ్ళకు ఎక్కువ టైము. పైగా అంతకు ముందు వలస పాలన సభల్లో అధికారపక్షం ఇష్టారాజ్యంతో పోలిస్తే ఇది మెరుగే. మవలంకర్ ఈ పద్ధతిని నిజాయితీగానే పెట్టాడని నా అభిప్రాయం. కాని కొలత ఏది అన్నది చూడాలి. 1952 లోక్‌సభలో ఎన్నికైన స్థానాలు 489. కాంగ్రెస్ 364. ఫెడరేషన్‌కు ఇద్దరు: షోలాపూర్ నుంచి పి.ఎన్. రాజ్‌భోజ్, మన కరీంనగర్ నుంచి ఎం.ఆర్. కృష్ణ. అంబేద్కర్ ఉత్తర బొంబాయిలో ఓడిపోయి రాజ్యసభకు పోవలసి వచ్చింది. అయిదు గంటల చర్చను బలాన్ని బట్టి చీలిస్తే కాంగ్రెస్‌కు 223 నిమిషాలు, అంటే మూడు గంటల నలభై మూడు నిమిషాలు. ఫెడరేషన్‌కు నిమిషంపై పదిహేను సెకన్లు కూడా లేవు. ఏ స్పీకరూ నిమిషం ఇచ్చి కూర్చోమనడు, కొంత కలిపి అయిదు నిమిషాలో ఎనిమిది నిమిషాలో ఇస్తాడు. అది మళ్ళీ విచక్షణే. దయే.

కరీంనగర్ గెలుపు మామూలుది కాదు. తెలంగాణ సాయుధ పోరాటం ఆగి ఏడాది కూడా కాలేదు. ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒక సీటు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ నాయకుడు బద్దం ఎల్లారెడ్డికి, రిజర్వుడు సీటు ఫెడరేషన్ అభ్యర్థికి వచ్చాయి. కాంగ్రెస్‌కు రెండూ దక్కలేదు. హైదరాబాద్ రాష్ట్రంలో అంబేద్కర్ పార్టీకి జనంలో పట్టు ఉందనటానికి అంతకంటె రుజువు ఏం కావాలి? అదే ఎం.ఆర్. కృష్ణ 1962లో, 1967లో పెద్దపల్లి నుంచి గెలిచింది మాత్రం కాంగ్రెస్ అభ్యర్థిగా. ఆయన ఎందుకు మారాడన్నదానికి పదవి ఆశ అని చప్పున చెప్పేస్తాం. అది ఉండొచ్చు, లేకపోవచ్చు. కాని ఇద్దరు సభ్యుల పార్టీలో ఉండి సభలో ఎంత మాట్లాడగలం, ఏ కమిటీలో కూర్చోగలం అన్నది కూడా ఒక ఒత్తిడే. పార్టీ మారిన దళిత నాయకుల జాబితా రాసి తిట్టే ముందు, చిన్న పార్టీని సభ ఎట్లా ఊపిరాడకుండా చేస్తుందో చూడాలి.

మన శాసనసభలో చూడవలసిన ఇద్దరు ఆడవాళ్ళున్నారు. టి.ఎన్. సదాలక్ష్మి 1960 నుంచి 1962 దాకా ఆంధ్రప్రదేశ్ శాసనసభ డిప్యూటీ స్పీకర్. అంటే ఒక దళిత స్త్రీ ఆ కుర్చీలో కూర్చుని రెడ్లకు, కమ్మలకు, బ్రాహ్మణులకు టైము అయిపోయిందని గంట కొట్టింది. ఈ ఒక్క దృశ్యం మీద ఒక వ్యాసం రాయొచ్చు, ఎవరూ రాయలేదు. రెండో ఆమె జె. ఈశ్వరీబాయి. రిపబ్లికన్ పార్టీ తరఫున 1967లో, 1972లో ఎల్లారెడ్డి నుంచి గెలిచింది. 287 మంది సభలో వేళ్ళ మీద లెక్కపెట్టే పార్టీ. అయినా ఆమె గొంతు సభలో వినపడిందనీ, 1969 తెలంగాణ ఉద్యమంలో ముందు నిలబడిందనీ అందరూ ఒప్పుకుంటారు. ఆమె ధైర్యం గురించి చెప్పుకుంటాం, మంచిదే. కాని పెద్ద పార్టీలో ఉన్న మామూలు సభ్యుడు కూర్చున్న చోటే పొందే టైమును ఆమె కొట్లాడి తెచ్చుకోవలసి వచ్చేది. ధైర్యం ఉన్నోళ్ళకే నోరు దక్కితే ఆ సభలో న్యాయం ఉన్నట్టు ఎట్లా అవుతుంది?

ఆ తర్వాత 1985 జులై 17 కారంచేడు, 1991 ఆగస్టు 6 చుండూరు. మొదటిది జరిగినప్పుడు తెలుగుదేశం, రెండోది జరిగినప్పుడు కాంగ్రెస్ అధికారంలో ఉన్నాయి. అప్పటి 294 మంది సభలో షెడ్యూల్డ్ కులాల రిజర్వుడు స్థానాలు 39. అయిదు గంటల చర్చలో 39 మందికి దామాషా కడితే దాదాపు 40 నిమిషాలు. కాని సమయం పంచే పట్టికలో ఆ 39 మందికి ఒక గడి లేదు. గడులన్నీ పార్టీల పేర్లతో ఉంటాయి. కారంచేడు మీద మాట్లాడాలంటే దళిత ఎమ్మెల్యే తన పార్టీ గడిలోంచి, తన పార్టీ చీటీతో లేవాలి. అదే పార్టీ ప్రభుత్వం నడుపుతుంటే ఏం మాట్లాడతాడు? 1985లోనే వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ఓటుకే వర్తిస్తుంది గాని మాటకు కాదు అని లాయర్లు అంటారు. కాగితం మీద సరే. మాట్లాడేవాళ్ళ పేర్ల చీటీ రాసేది, టికెట్ ఇచ్చేది ఒకే చెయ్యి అయినప్పుడు ఆ తేడా ఎంతసేపు నిలుస్తుంది?

మరి పార్టీ గడులు తీసేసి కులాల గడులు పెట్టాలా? కొందరు మిత్రులు అంటారు. నేను అంత దూరం పోను. 1994లో ఈదుముడి నుంచి మొదలైన దండోరా మనకు ఒక సంగతి నేర్పింది. ‘షెడ్యూల్డ్ కులాలు’ అన్న ఒక్క గడి పెట్టినా దాని లోపల మాల ఎంత, మాదిగ ఎంత, రెల్లి, డక్కలి, మాష్టి ఎంత అన్న ప్రశ్న ఆగదు, ఆగకూడదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ రాష్ట్రాల చేతిలో ఉందని తీర్పు ఇచ్చినంక ఇంకా ఆగదు. కాబట్టి వెతకాల్సింది పంపకం సూత్రాన్ని.

ఆ సూత్రం కోసం అంబేద్కర్ దగ్గరికే పోవచ్చు. 1945 మేలో బొంబాయిలో ఫెడరేషన్ సభలో ఆయన చదివిన ‘కమ్యూనల్ డెడ్‌లాక్’ ప్రసంగంలో కేంద్ర శాసనసభకు ఒక పంపకం ప్రతిపాదించాడు. హిందువులకు 40 శాతం, ముస్లింలకు 32, షెడ్యూల్డ్ కులాలకు 20, మిగతాది సిక్కులకు, క్రైస్తవులకు, ఆంగ్లో ఇండియన్లకు. ఏ ఒక్క సమూహమూ తనంతట తాను సభను ఏలగల సంఖ్య పొందకూడదు, పెద్ద సమూహం నుంచి కోసిన వాటాను చిన్నవాటికి వాటి సామాజిక, ఆర్థిక, విద్యా స్థితిని చూసి పంచాలి అన్నది అందులో సారం. ఎంత వెనకబడి ఉంటే అంత అదనం. ఆయన సీట్ల గురించి చెప్పాడు. ఆ తర్కం నిమిషాలకు కూడా అతుకుతుంది. ఆ మాటకొస్తే సీట్ల కంటె నిమిషాలకే బాగా అతుకుతుంది, ఎందుకంటే నిమిషం ఇస్తే ఎవరి ప్రభుత్వమూ కూలిపోదు.

ఇది గాలిలో మేడ కాదు. యూరోపియన్ పార్లమెంటు రూల్సులో చర్చ సమయాన్ని రెండు ముక్కలు చేస్తారు. మొదటి ముక్కను గ్రూపులన్నింటికీ సమానంగా, రెండో ముక్కను బలాన్ని బట్టి. దీన్ని మన 1952 లోక్‌సభకు పెట్టి చూడండి. పది పార్టీలు అనుకుని 300 నిమిషాల్లో 100 సమానంగా, 200 బలాన్ని బట్టి పంచితే ఫెడరేషన్‌కు దాదాపు 11 నిమిషాలు. కాంగ్రెస్‌కు అప్పటికీ 159. సగానికి పైనే. కాంగ్రెస్ నోరు మూతపడేదేమీ కాదు.

కమిటీ గది విషయంలో జర్మనీ కోర్టు చెప్పిన ఒక తీర్పు మనవాళ్ళు చదవాలి. 1980లలో గ్రీన్ పార్టీ నుంచి విడిపోయిన టోమస్ వ్యుపెసాల్ అనే సభ్యుడికి కమిటీలో చోటు లేకుండా పోయింది. ఆయన రాజ్యాంగ న్యాయస్థానానికి పోయాడు. ఏ గ్రూపుకూ చెందని సభ్యుడికి కూడా ఏదో ఒక కమిటీలో కూర్చునే హక్కు, మాట్లాడే హక్కు, ప్రతిపాదన పెట్టే హక్కు ఉన్నాయని, ఓటు హక్కు మాత్రం ఇవ్వనక్కర లేదని 1989 జూన్‌లో కోర్టు చెప్పింది. ఓటుకు దామాషా, మాటకు హక్కు. రెండింటినీ విడదీసిన పద్ధతి చూడండి.

మన దగ్గర 1993లో శాఖల వారీ స్థాయీ సంఘాలు వచ్చాయి, మొదట 17, తర్వాత 24. వీటిలో సభ్యత్వం పార్టీల బలాన్ని బట్టే. మాట మాత్రం ఛైర్మన్ పిలుపును బట్టి. సమావేశాలు మూసిన తలుపుల వెనక నడుస్తాయి, ఎవరు ఎంతసేపు మాట్లాడారో బయటి జనానికి తెలిసే దారి లేదు. నచ్చని సభ్యుడు అసమ్మతి పత్రం రాసి నివేదికకు జతచేయొచ్చు. అంబేద్కర్ 1947లో పట్టిన దారే అది, మన సభ్యులు దాన్ని ఇంకా ఎక్కువగా వాడుకోవాలి. షెడ్యూల్డ్ కులాలు, తెగల సంక్షేమానికి 1968 నుంచి పార్లమెంటులో ప్రత్యేక కమిటీ ఉంది, లోక్‌సభ నుంచి 20, రాజ్యసభ నుంచి 10. అక్కడైనా మన మాట మన చేతిలో ఉందా అంటే, అక్కడికి పంపేదీ పార్టీలే.

2017 జులై 18న రాజ్యసభలో జరిగింది ఇప్పటి విద్యార్థులకు గుర్తుండే ఉంటుంది. ఆ మే నెలలో ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్ జిల్లా షబ్బీర్‌పూర్‌లో దళితుల ఇళ్ళు తగలబెట్టారు. దాని మీద మాయావతి మాట్లాడటం మొదలు పెట్టింది. మూడు నిమిషాలు అయిపోయాయి, ముగించమని కుర్చీలో ఉన్న డిప్యూటీ ఛైర్మన్ పి.జె. కురియన్ అన్నాడు. నా సమాజం గురించి ఇక్కడ మాట్లాడలేకపోతే ఈ సభలో ఉండటం దేనికన్న అర్థంలో చెప్పి, ఆమె బయటికి వచ్చింది, ఆ రోజే రాజీనామా ఇచ్చింది. నాటకమని అధికారపక్షం అన్నది. కాలం తీరటానికి ఎట్లాగూ తొమ్మిది నెలలే ఉందని పత్రికలు గుర్తు చేశాయి. రాజకీయ లెక్క ఉందో లేదో ఆమెకే ఎరుక. కురియన్ రూలు తప్పాడని కూడా నేను అనటం లేదు. రూలు ప్రకారం మూడు నిమిషాలే. నా అభ్యంతరం ఆ రూలు మీదనే: తగలబడిన దళితవాడకు, మరో మామూలు ప్రస్తావనకు ఒకటే మూడు నిమిషాలు కొలిచి ఇచ్చి దాన్ని సమానత్వం అంటున్నారు. నాలుగు సార్లు ముఖ్యమంత్రి చేసిన మనిషికే ఇట్లా అయితే కొత్తగా గెలిచిన ఎమ్మెల్యే సంగతి చెప్పేదేముంది.

అడగవలసినవి పెద్ద కోరికలేమీ కావు, రాజ్యాంగ సవరణ కూడా అక్కర లేదు. శాసనసభల బి.ఏ.సి. పంచిన సమయాల పట్టికను ప్రతి సమావేశం తర్వాత అచ్చు వేయాలి, ఎవరు నిజంగా ఎంత వాడుకున్నారో పక్కనే ఇవ్వాలి. సమయంలో మూడో వంతు చిన్న పార్టీలతో సహా అందరికీ సమానంగా పంచాలి. దళితుల మీద దాడి గురించి చర్చ వచ్చినప్పుడు రిజర్వుడు స్థానాల సభ్యులకు విప్ చీటీతో పని లేకుండా నేరుగా స్పీకర్‌కు పేరు ఇచ్చుకునే వీలు ఉండాలి. ఈ మూడూ స్పీకర్ ఆదేశాలతో, రూల్స్ కమిటీ సిఫారసుతో అయ్యే పనులు. పట్టిక వచ్చేదాకా ఆగనక్కర లేదు. శాసనసభ చర్చల సంపుటాలు లైబ్రరీల్లో దుమ్ము పట్టి ఉన్నాయి. కారంచేడు, చుండూరు నాటి సంపుటాలు తీసి, ఏ సభ్యుడు ఎన్ని పంక్తులు మాట్లాడాడో, ఎక్కడ గంట మోగిందో, ఎవరి మాట మధ్యలో తెగిందో విద్యార్థులు కూర్చుని లెక్క రాయొచ్చు.

లోక్‌సభలో షెడ్యూల్డ్ కులాల స్థానాలు 84. 2024 ఎన్నికల్లో బహుజన్ సమాజ్ పార్టీకి ఒక్కటీ రాలేదు. తమిళనాడు నుంచి విడుదలై చిరుతైగళ్ ఇద్దరు గెలిచారు, ఉత్తరప్రదేశ్ నగీనా నుంచి ఆజాద్ సమాజ్ పార్టీ తరఫున చంద్రశేఖర్ ఆజాద్ ఒక్కడు గెలిచాడు. 1946లో అంబేద్కర్ లాగే ఒక్క సభ్యుడి పార్టీ. 543 మంది సభలో అయిదు గంటల చర్చను దామాషాగా పంచితే అతని వాటా 33 సెకన్లు.